ఇంగ్లండ్‌లో ఇల్లు కొనేటప్పుడు సాలిసిటర్ ఎవరి మనిషి?

ఇంగ్లండ్‌లో మనం చెప్పిన ధరకు ఇల్లు అమ్మడానికి అవతలివాళ్లు ఒప్పుకున్నారని ఎస్టేట్ ఏజెంట్ ఫోన్ చేస్తారు. అదే ఫోన్‌లో రెండో ప్రశ్న కూడా వచ్చేస్తుంది: "మీ సాలిసిటర్ ఎవరు?" అని, అంటే ఇల్లు కొనే కాగితాల పని చూసే లాయర్ ఎవరని. ఇంకా ఎవరినీ అనుకోలేదంటే, "మాకు తెలిసినవాళ్లున్నారు, కొటేషన్ పంపమంటారా?" అంటారు. మొదటిసారి కొంటున్నవాళ్లలో చాలామంది అక్కడే సరే అనేస్తారు. ఇంటి కోసం నెలల తరబడి తిరిగి, వడ్డీలో పావు శాతం తేడా కోసం ముగ్గురు బ్రోకర్లను అడిగినవాళ్లు కూడా సాలిసిటర్ని మాత్రం రెండు నిమిషాల్లో ఖాయం చేసేస్తారు. పని అంతా కాగితాలదే కదా, ఎవరు చేస్తే ఏం అనుకోవడమే దీనికి కారణం. కానీ సాలిసిటర్ని చూపించిన మనిషికి అందులో లాభం ఉండొచ్చు. ఆ సాలిసిటర్ పనిచేసేది కూడా మీ ఒక్కరి కోసమే కాదు. ఈ రెండు సంగతులూ తెలిశాక ఎంపిక గురించి ఆలోచించే తీరు మారుతుంది.

ఇంగ్లండ్, వేల్స్‌లో ఇంటి యాజమాన్యాన్ని చట్టప్రకారం చేతులు మార్చే పనిని కన్వేయెన్సింగ్ అంటారు. దీన్ని సాలిసిటర్లే చేయాలని లేదు. 1985 నాటి చట్టంతో వచ్చిన లైసెన్స్‌డ్ కన్వేయెన్సర్లు కూడా చేస్తారు. సాలిసిటర్ల మీద సాలిసిటర్స్ రెగ్యులేషన్ అథారిటీ, అంటే ఎస్ఆర్ఏ అజమాయిషీ ఉంటుంది. కన్వేయెన్సర్లకు వేరే నియంత్రణ సంస్థ ఉంది. మామూలు కొనుగోలుకు ఇద్దరిలో ఎవరైనా సరిపోతారు. ఆస్తి వెనక విడాకుల వ్యవహారమో వారసత్వ తగాదానో ఉంటే సాలిసిటర్ మేలు.

మార్ట్‌గేజ్ తీసుకుని కొంటే సాధారణంగా ఒకే సంస్థ కొనేవాళ్ల తరఫునా, అప్పిచ్చే బ్యాంకు తరఫునా పనిచేస్తుంది. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో హోమ్ లోన్ తీసుకున్నవాళ్లకు బ్యాంకు ప్యానెల్ అడ్వొకేట్ తెలిసే ఉంటారు. ఈసీ, లింక్ డాక్యుమెంట్లు చూసి ఆయన లీగల్ ఒపీనియన్ రాసేది బ్యాంకు కోసం. ఫీజు కట్టేది మాత్రం లోన్ తీసుకునేవాళ్లు. ఇంగ్లండ్‌లో ఏర్పాటు వేరు. అక్కడ సాలిసిటర్ బ్యాంకుకు ఎంత బాధ్యుడో మీకూ అంతే బాధ్యుడు. హక్కు పత్రాల్లో ఏం తేలిందో మీకూ రిపోర్టు రాస్తాడు, తప్పు చేస్తే మీకూ జవాబు చెప్పుకోవాలి. కొనేవాళ్లకు ఇది మంచిదే. కాకపోతే ఇద్దరు యజమానుల కింద పనిచేసేవాడికి ఇద్దరి మాటా కలవని రోజు ఒకటి వస్తుంది.

ఆ రోజు ఏం చేయాలో యూకే ఫైనాన్స్ అనే బ్యాంకుల సంఘం నడిపే లెండర్స్ హ్యాండ్‌బుక్ చెబుతుంది. దానిలో మొదటి భాగం అన్ని బ్యాంకులకూ ఒకటే, రెండో భాగం బ్యాంకుకొకటి. అమ్మేవాళ్లు ఇంటిని తమ పేరున రిజిస్టర్ చేయించుకుని ఆరు నెలలు కాకపోయినా, ధర మారినా, డిపాజిట్‌లో, అంటే కొనేవాళ్లు సొంతంగా పెట్టే సొమ్ములో కొంత వేరేవాళ్లు ఇచ్చినా, బిల్డర్ ఏదైనా ఉచితంగా ఇస్తున్నా ఆ సంగతి బ్యాంకుకు చెప్పాల్సిందే. ఉదాహరణకు, ఇంటి పైకప్పు బాగోలేదని తేలింది, అమ్మేవాళ్లు 5,000 పౌండ్లు తర్వాత విడిగా ఇచ్చేస్తామన్నారు అనుకుందాం. ఇద్దరూ ఒప్పుకుంటే సరిపోతుందనిపిస్తుంది. కానీ బ్యాంకు లెక్కలో ఇంటి అసలు ధర 5,000 తగ్గినట్టే, కాబట్టి అప్పు కూడా తగ్గించవచ్చు. సాలిసిటర్ ఆ మాట బ్యాంకుకు చెప్పక తప్పదు. చెప్పొద్దని మీరంటే మీ రహస్యాన్ని బయటపెట్టడు కానీ, బ్యాంకు తరఫున పనిచేయడం మానుకుంటాడు. దాంతో లోన్ అక్కడితో ఆగిపోతుంది. అందుకే సాలిసిటర్‌తో ఏదైనా చెప్పేటప్పుడు ఆ మాట బ్యాంకు దాకా వెళ్లవచ్చనే లెక్కతోనే చెప్పాలి.

ఈ జోడు పాత్ర వల్లే ప్యానెల్ అనేది పుట్టింది. ప్రతి బ్యాంకు దగ్గరా తాను నమ్మే సంస్థల జాబితా ఉంటుంది. 2008 సంక్షోభం తర్వాత మార్ట్‌గేజ్ మోసాల భయంతో చాలా బ్యాంకులు ఈ జాబితాలను కుదించాయి. 2012లో హెచ్‌ఎస్‌బీసీ తన ప్యానెల్‌ను 43 సంస్థలకు తగ్గించినప్పుడు న్యాయవాదుల్లో పెద్ద గొడవే అయింది. తర్వాత పట్టు సడలించినా జాబితా పద్ధతి పోలేదు. కొన్ని బ్యాంకులు సాలిసిటర్ల సంఘమైన లా సొసైటీ ఇచ్చే కన్వేయెన్సింగ్ క్వాలిటీ స్కీమ్ గుర్తింపు ఉన్న సంస్థలనే తీసుకుంటాయి. ఒక్కరే నడిపే చిన్న ఆఫీసులను కొన్ని అసలు చేర్చుకోవు. మీరు ఎంచుకున్నవాళ్లు ప్యానెల్‌లో లేకపోతే బ్యాంకు తన తరఫున ఇంకో సంస్థను పెడుతుంది, ఆ ఖర్చు మీదే. రెండు ఆఫీసుల మధ్య ఉత్తరాలు నడుస్తూ రెండు మూడు వారాలు అదనంగా పట్టినా ఆశ్చర్యం లేదు.

కాబట్టి ఎవరినైనా అడగాల్సిన మొదటి ప్రశ్న ఫీజు గురించి కాదు, "ఫలానా బ్యాంకు ప్యానెల్‌లో ఉన్నారా?" అని. బ్యాంకు ఇంకా ఖాయం కాకపోతే బ్రోకర్ చెప్పిన రెండు మూడు పేర్లూ చెప్పి అడగాలి. బ్యాంకు మారితే మళ్లీ అడగాలి. వడ్డీ తగ్గిందని మధ్యలో బ్యాంకు మార్చుకుని, సాలిసిటర్ సంగతి మరిచిపోయి ఇబ్బంది పడేవాళ్లు ఉంటారు.

ఇక ఏజెంట్ చూపించిన సాలిసిటర్ విషయం. చాలాచోట్ల ఏజెంట్ పంపిన ప్రతి కేసుకూ సాలిసిటర్ సంస్థ కొంత ముట్టజెబుతుంది. దీన్ని రెఫరల్ ఫీజు అంటారు. ప్రమాద నష్టపరిహారం కేసుల్లో ఇలాంటి చెల్లింపులను 2013లో నిషేధించారు కానీ ఇళ్ల వ్యవహారాల్లో ఇప్పటికీ చెల్లుతాయి. మార్ట్‌గేజ్ బ్రోకర్లూ ఇలాగే తీసుకుంటారు. దాచడం మాత్రం కుదరదు: ఏజెంటు చెప్పాలి, సాలిసిటర్ కూడా చెప్పాలి. చెప్పడం అంటే సాధారణంగా ఇరవై పేజీల ఒప్పంద పత్రంలో ఎక్కడో ఒక వాక్యం. దాన్ని చదివి సంతకం పెట్టేవాళ్లు ఎందరో ఊహించుకోవచ్చు.

రెఫరల్ ఫీజు ఉన్నంత మాత్రాన ఆ సంస్థ చెడ్డదని కాదు. ఏజెంట్‌కు అమ్మకం పూర్తయితేనే కమిషన్ వస్తుంది కాబట్టి పని ముందుకు నడిపించేవాళ్లనే చూపిస్తాడన్న వాదన కొంతవరకు నిజమే. చిక్కు ఏమిటంటే, మంచి సాలిసిటర్ ఒక్కోసారి "ఈ ఇల్లు వద్దు" అని చెప్పాల్సి వస్తుంది. తనకు నెలకు ముప్ఫై కేసులు పంపే మనిషి అమ్మకాన్ని చెడగొట్టే మాట అది. చెబుతాడా? చాలామంది చెబుతారు. కానీ ఆ పరీక్ష మీ ఇంటి విషయంలో పెట్టాల్సిన అవసరం లేదు.

ఇది ఊహలో ఉన్న భయం కాదు. 2017 ప్రాంతంలో ఇంగ్లండ్‌ను కుదిపిన లీజ్‌హోల్డ్ కుంభకోణం దీని చుట్టూనే తిరిగింది. కొన్ని పెద్ద నిర్మాణ సంస్థలు కొత్త ఇళ్లను నేలతో సహా అమ్మకుండా లీజు మీద అమ్మాయి. ఏటా కట్టాల్సిన గ్రౌండ్ రెంట్ పదేళ్లకోసారి రెట్టింపయ్యేలా ఒప్పందంలో షరతు పెట్టాయి. 295 పౌండ్లతో మొదలైన అద్దె ఆ లెక్కన యాభై ఏళ్లకు 9,440 పౌండ్లు అవుతుంది. అలాంటి ఇంటికి అప్పివ్వడానికి బ్యాంకులు వెనకాడతాయి, కొనడానికి మనుషులు రారు. బిల్డర్ చూపించిన సాలిసిటర్‌తోనే పని చేయించుకున్నామని, ఈ షరతు సంగతి తమకు సరిగా చెప్పలేదని ఎంతోమంది బాధితులు వాపోయారు. ఫలానా సాలిసిటర్ని పెట్టుకుంటే రాయితీ ఇస్తామంటూ కొనేవాళ్లను ఆకర్షించే పద్ధతిని నిషేధించాలని 2019లో పార్లమెంటు హౌసింగ్ కమిటీ సిఫారసు చేసింది. 2022 జూన్ 30 నుంచి రాసిన చాలా కొత్త లీజులకు గ్రౌండ్ రెంట్ లేకుండా చట్టం వచ్చింది. పాత లీజులు మాత్రం అమ్మకానికి వస్తూనే ఉన్నాయి.

కొత్త ఇళ్లకు ఇంకో ఒత్తిడి ఉంది. రిజర్వేషన్ డబ్బు కట్టాక సాధారణంగా 28 రోజుల్లో ఒప్పందాలు మార్చుకోవాలని, అంటే రెండు వైపులా సంతకాలు చేసిన ఒప్పంద పత్రాలు ఇచ్చిపుచ్చుకోవాలని బిల్డర్ గడువు పెడతాడు. "మా సాలిసిటర్లయితే ఈ సైట్ కాగితాలన్నీ ఇప్పటికే చూసేశారు, తొందరగా అయిపోతుంది" అని సేల్స్ ఆఫీసులో చెప్పే మాటలో నిజం లేకపోలేదు. అయితే వాళ్లనే పెట్టుకోవాలని బలవంతం చేయకూడదని గృహనిర్మాణ రంగం పాటించే నియమావళే చెబుతోంది. ఏ సాలిసిటరైనా కొత్త ఇళ్ల పని అలవాటున్నవాడైతే 28 రోజులు అసాధ్యం కాదు. గడువు కొద్దిగా దాటినంత మాత్రాన బిల్డర్ ఇల్లు వెనక్కి తీసుకునేది కూడా అరుదే.

ఫీజు విషయం త్వరగా చెప్పేయవచ్చు. 2018 డిసెంబరు నుంచి ఎస్ఆర్ఏ కింద ఉన్న సంస్థలు ఇళ్ల పనికి తీసుకునే ఫీజును తమ వెబ్‌సైట్‌లో పెట్టాల్సిందే. అందులో వ్యాట్, సెర్చ్‌లు (ఇంటి గురించి ప్రభుత్వ రికార్డుల్లో చేయించే తనిఖీలు), రిజిస్ట్రేషన్ లాంటి బయటి ఖర్చులు, పని చేసేవాళ్ల అనుభవం, అర్హతలు కూడా ఉండాలి. పోల్చేటప్పుడు పైన పెద్ద అక్షరాల్లో ఉన్న అంకెను వదిలేసి కింద మొత్తం చూడాలి. లీజ్‌హోల్డ్ అయితే ఇంత, బ్యాంకు తరఫున చేసినందుకు ఇంత, గిఫ్ట్ డిపాజిట్ ఉంటే ఇంత, పన్ను ఫారం నింపినందుకు ఇంత, డబ్బు పంపినందుకు ఇంత అంటూ చౌక కొటేషన్ మెల్లగా మిగతావాటిని దాటిపోతుంది. పని మధ్యలో ఆగితే ఫీజు లేదనే హామీ మంచిదే, ఎందుకంటే ఒప్పందాలు మార్చుకునేదాకా ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు. సెర్చ్‌లకు అప్పటికే పెట్టిన ఖర్చు మాత్రం తిరిగి రాదు.

రెండు మూడు వందల పౌండ్ల తేడా కన్నా మీ ఫైలు ఎవరి చేతిలో ఉంటుందన్నది పెద్ద ప్రశ్న. పెద్ద సంస్థల్లో మొదట ఫోన్‌లో మాట్లాడేది సేల్స్ వాళ్లు. తర్వాత ఫైలు ఒక కేస్ హ్యాండ్లర్‌కు వెళ్తుంది. ఆమె దగ్గర ఎన్ని ఫైళ్లున్నాయో, సెలవు మీద వెళ్తే ఎవరు చూస్తారో ఎవరూ చెప్పరు. సంస్థ పేరు మీద వందల రివ్యూలు కనిపించినా, అవి మీ ఫైలు చూసే మనిషి గురించి కాకపోవచ్చు. "నా పని చేసేది ఎవరు? వారి పేరేమిటి? నేరుగా ఫోన్ చేయవచ్చా? వారు లేనప్పుడు ఎవరు?" అని ముందే అడిగితే, ఆ జవాబు వచ్చే తీరులోనే సగం తెలిసిపోతుంది. ఆన్‌లైన్ పోర్టల్‌లో మెసేజ్ పెట్టండి, మూడు పనిదినాల్లో చెబుతాం అనే సంస్థతో, అయిదుగురు అమ్మకందార్లు కొనుగోలుదార్లు గొలుసుగా ఒకరి మీద ఒకరు ఆధారపడిన వ్యవహారంలో చిక్కుకుంటే టెన్షన్ మామూలుగా ఉండదు.

ఇండియా నుంచి వచ్చే డబ్బు

రెడింగ్‌లోనో మిల్టన్ కీన్స్‌లోనో ఇల్లు చూసుకుంటున్న తెలుగు కుటుంబానికి మామూలు సలహాల్లో దొరకని ప్రశ్నలు రెండున్నాయి. మొదటిది డిపాజిట్ ఎక్కణ్నుంచి వచ్చిందన్నది.

2017 నాటి మనీ లాండరింగ్ నిబంధనల ప్రకారం డబ్బు మూలం ఏమిటో సాలిసిటర్ తెలుసుకోవాలి. జీతంలో దాచుకున్నదైతే కొన్ని నెలల బ్యాంకు స్టేట్‌మెంట్లు సరిపోతాయి. అమ్మానాన్నలు గుంటూరులో స్థలం అమ్మి పంపారంటే కథ మారుతుంది. వాళ్ల గుర్తింపు పత్రాలు, అమ్మకం దస్తావేజు, ఆ డబ్బు వాళ్ల ఖాతాలో పడిన స్టేట్‌మెంటు, అక్కణ్నుంచి యూకేకు వచ్చిన రసీదు అన్నీ వరసగా కలవాలి. దస్తావేజు తెలుగులో ఉంటే అనువాదం అడుగుతారు. లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ కింద ఇండియాలో ఉండేవాళ్లు ఒక్కొక్కరు ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు పంపవచ్చు. కాబట్టి పరిమితి చాలామందికి అడ్డం కాదు, కాగితాల వరుసే అడ్డమవుతుంది.

అన్నిటికన్నా చిక్కు పెట్టేది మన దగ్గర స్థలాల అమ్మకాల్లో నగదుగా చేతులు మారే భాగం. దస్తావేజులో నలభై లక్షలు రాసి, నిజంగా డెబ్బై లక్షలు తీసుకుంటే, మిగతా ముప్ఫై లక్షలకు లండన్‌లో సాలిసిటర్‌కు చూపించే కాగితం లేదు. ఊళ్లో అందరూ అలాగే చేస్తారని చెబితే ఆయనకు అర్థం కాకపోవడం అటుంచి, అనుమానం వస్తే దాన్ని అధికారులకు తెలియజేయడం ఆయన చట్టబద్ధమైన బాధ్యత. పైగా అలా తెలియజేసినట్టు మీకు చెప్పకూడదు. ఇలాంటి డబ్బు మీద ఆధారపడి ఆఫర్ పెట్టకపోవడమే మంచిది. బంధువుల ఖాతాల గుండా ముక్కలు ముక్కలుగా తెప్పిస్తే అనుమానం పెరుగుతుందే తప్ప తగ్గదు.

తల్లిదండ్రులు ఇచ్చింది బహుమతి అని, తిరిగి ఇవ్వక్కర్లేదని, ఇంటిలో తమకు వాటా లేదని వాళ్లు సంతకం చేసిన ఉత్తరం బ్యాంకు అడుగుతుంది. నిజంగా అది అప్పే అయితే అలా రాసి ఇవ్వడం బ్యాంకును మోసం చేయడం కిందికి వస్తుంది. విదేశం నుంచి వచ్చే బహుమతి విషయంలో ఒక్కో బ్యాంకుది ఒక్కో పద్ధతి. అందువల్ల సాలిసిటర్ని ఎంచుకునేటప్పుడే "డిపాజిట్‌లో ఇంత ఇండియా నుంచి వస్తుంది, ఇలాంటివి చేశారా, ఏమేం కాగితాలు కావాలి?" అని అడగాలి. కొన్ని సంస్థలు విదేశీ డబ్బంటేనే వద్దంటాయి. ఆ మాట మొదటి రోజు వింటే నష్టం లేదు, ఎనిమిదో వారంలో వింటేనే ఇల్లు చేజారుతుంది.

కూకట్‌పల్లిలో ఫ్లాటు, ఇంగ్లండ్‌లో పన్ను

రెండో ప్రశ్న స్టాంప్ డ్యూటీ. చాలామందికి తెలియనిది, తెలిశాక గుండె గుభేలుమనేది ఇదే. ఇంకో ఇల్లు ఉండగా ఇంగ్లండ్‌లో మరొకటి కొంటే అదనపు పన్ను పడుతుంది. ఆ "ఇంకో ఇల్లు" ప్రపంచంలో ఎక్కడున్నా లెక్కే. 40,000 పౌండ్లు, ఆ పైన విలువ చేసే ఫ్లాటు హైదరాబాద్‌లో మీ పేరున ఉంటే, బ్రిటన్‌లో మీకు గది కూడా లేకపోయినా, కొత్తగా కొంటున్నది రెండో ఇల్లే. కలిసి ఉంటున్న భార్యాభర్తలను ఒక్కటిగానే చూస్తారు కాబట్టి, ఫ్లాటు భార్య పేరున ఉంది, కొంటున్నది భర్త ఒక్కడే అన్నా తప్పించుకోలేరు.

4,00,000 పౌండ్ల ఇంటికి 2025 ఏప్రిల్ 1 నుంచి ఉన్న రేట్లతో లెక్క వేస్తే తేడా కనిపిస్తుంది. ఎప్పుడూ ఎక్కడా ఇల్లు లేనివాళ్లకు మొదటి 3,00,000 మీద పన్ను లేదు, మిగతాదాని మీద అయిదు శాతం, అంటే 5,000 పౌండ్లు. ఒకప్పుడు ఇండియాలో ఫ్లాటు కొని అమ్మేసినవాళ్లకు మొదటిసారి కొనేవాళ్ల రాయితీ ఉండదు, వాళ్లు 10,000 కట్టాలి. ఇండియాలో ఫ్లాటు ఇప్పటికీ ఉన్నవాళ్లకు మొత్తం ధర మీద ఇంకో అయిదు శాతం కలిసి 30,000 అవుతుంది. ఒకే వీధిలో ఒకే ధరకు కొన్న ముగ్గురు తెలుగువాళ్లు మూడు రకాల పన్ను కడతారన్నమాట. ఖాళీ ప్లాటు, వ్యవసాయ భూమి ఇల్లు కిందికి రావు. అమ్మానాన్నల పేరున ఉన్న ఇల్లు మీది కాదు. తాతగారి ఇంట్లో వాటా, ఇంకా కట్టుబడిలో ఉన్న అపార్ట్‌మెంటు లాంటివాటి సంగతి తేల్చాలంటే వివరాలు చూడాలి.

ఇల్లు చేతికొచ్చిన 14 రోజుల్లో పన్ను రిటర్న్ దాఖలు చేయాలి. సాలిసిటరే చేస్తారు. చాలా సంస్థలు ఒప్పంద పత్రంలో "మేం పన్ను సలహా ఇవ్వం" అని రాసుకుంటాయి. ఫారంలో "మీకు ఇంకో ఇల్లుందా?" అన్న గడి దగ్గర క్లయింట్ లేదంటే లేదని నింపేస్తారు. తప్పని తేలితే పన్ను శాఖ అడిగేది కొన్నవాళ్లనే. రిటర్న్ ఇచ్చిన తొమ్మిది నెలల దాకా మామూలుగానే తనిఖీకి తీసుకోవచ్చు, అజాగ్రత్తో అబద్ధమో ఉందనిపిస్తే ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి వెనక్కి వెళ్లగలరు. ఇక్కడే సాలిసిటర్ నాణ్యత బయటపడుతుంది. బాగా పనిచేసేవాళ్లు మీ ఇంటిపేరు వినగానే కాకపోయినా మొదటి ప్రశ్నాపత్రంలోనే "విదేశాల్లో మీకు గానీ మీ భార్యకు లేదా భర్తకు గానీ ఆస్తి ఉందా?" అని అడుగుతారు. అడగకపోతే మీరే చెప్పి, జవాబు ఈమెయిల్‌లో తీసుకోవాలి. ఇవన్నీ ఇంగ్లండ్ లెక్కలు. వేల్స్‌కు, స్కాట్లండ్‌కు వేరే పన్నులున్నాయి.

ఫ్లాటు కొంటున్నవాళ్లు సాలిసిటర్ విషయంలో ఇంకొంచెం పట్టుదలగా ఉండాలి. ఫ్లాట్లన్నీ దాదాపు లీజ్‌హోల్డ్‌లే. లీజు ఇంకా ఎన్నేళ్లుంది, సర్వీస్ ఛార్జీ ఎలా పెరుగుతుంది, రాబోయే మరమ్మతులకు ఎవరి జేబులోంచి పోతుంది అన్నవి చదివి తెలుసుకోవాల్సిన సంగతులు. 80 ఏళ్ల లోపుకు తగ్గిన లీజును పొడిగించుకోవడం ఖరీదైన వ్యవహారం. 2017 జూన్‌లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది చనిపోయాక ఎత్తయిన భవనాల నియమాలు మారిపోయాయి. 2022 నాటి బిల్డింగ్ సేఫ్టీ యాక్ట్ ప్రకారం 11 మీటర్లు లేదా అయిదంతస్తులు, ఆపైన ఉన్న భవనాల్లో బయటి గోడలకు తొడిగిన పలకల (క్లాడింగ్) మరమ్మతు ఖర్చు ఫ్లాటు యజమాని మీద పడుతుందా లేదా అన్నది కొన్ని ధ్రువపత్రాల మీద ఆధారపడి ఉంటుంది. ఆ పత్రాలు సరిగా ఉన్నాయో లేదో చెప్పడానికి భయపడి కొన్ని సంస్థలు ఇలాంటి భవనాల పనే తీసుకోవు. తీసుకునేవి అదనంగా వసూలు చేస్తాయి. భవనం ఎన్ని అంతస్తులో మొదటి ఫోన్‌లోనే చెప్పాలి.

సాలిసిటర్ ఇంటిని చూడడానికి రాడన్నది కూడా కొందరికి తెలియదు. గోడలో తేమ, పైకప్పు పగుళ్లు ఆయన పని కాదు, సర్వేయర్‌ది. బ్యాంకు పంపే వాల్యుయేషన్ మనిషి చూసేది బ్యాంకు అప్పుకు సరిపడా విలువ ఉందా లేదా అని మాత్రమే.

సంస్థే కూలితే

కొన్ని రోజుల పాటు మీ జీవితంలోకెల్లా పెద్ద మొత్తం సాలిసిటర్ ఖాతాలో ఉంటుంది. 2023 అక్టోబరులో ఆక్సియమ్ ఇన్స్ అనే సంస్థను ఎస్ఆర్ఏ మూయించింది. క్లయింట్ల ఖాతాలో 6 కోట్ల పౌండ్లకు పైగా లోటు తేలింది. ఇళ్ల కొనుగోళ్లు మధ్యలో ఉన్నవాళ్లు దిక్కుతోచక నిలబడ్డారు. 2021 నవంబరులో ఇళ్ల పని ఎక్కువగా చేసే సింప్లిఫై గ్రూప్ మీద, 2023 నవంబరులో న్యాయ సంస్థలకు కంప్యూటర్ సేవలందించే సీటీఎస్ మీద సైబర్ దాడులు జరిగినప్పుడు, సామాన్లు లారీలోకి ఎక్కించుకున్న కుటుంబాలకు కూడా తాళాలు అందలేదు. ఇలాంటివాటిని కొనేవాళ్లు ముందుగా పసిగట్టడం కష్టం. అందుకే సంస్థ పేరు ఎస్ఆర్ఏ రిజిస్టర్‌లో ఉందో లేదో చూసుకోవడం కనీస జాగ్రత్త. నియంత్రణలో ఉన్న ప్రతి న్యాయ సంస్థకూ ఒక్కో క్లెయిముకు కనీసం 20 లక్షల పౌండ్ల బీమా ఉండాలి, కంపెనీగా నమోదైనవాటికి 30 లక్షలు. ఆ బీమా ఎంత అవసరమో డ్రీమ్‌వార్ కేసు చూపించింది. యజమానినని నటించిన మోసగాడికి 11 లక్షల పౌండ్లు కట్టి లండన్‌లో ఇల్లు కొన్న కంపెనీకి ఇల్లూ రాలేదు, డబ్బూ పోయింది. చివరికి రెండు వైపులా ఉన్న సాలిసిటర్లను 2018లో అప్పీలు కోర్టు బాధ్యుల్ని చేసింది.

ఇంతకన్నా తరచుగా జరిగేది చిన్న మోసం. డిపాజిట్ పంపాల్సిన రోజున "మా బ్యాంకు ఖాతా మారింది" అంటూ సాలిసిటర్ పేరుతోనే ఈమెయిల్ వస్తుంది. శుక్రవారం మధ్యాహ్నాలు ఇవి ఎక్కువ, ఎందుకంటే ఇళ్లు చేతులు మారేవి ఎక్కువగా ఆ రోజే. మొదటి రోజు కాగితం మీద ఇచ్చిన నంబరుకు మీరే ఫోన్ చేసి ఖాతా వివరాలు చదివించుకోకుండా పైసా పంపకూడదు.

పని నచ్చకపోతే మొదట ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. ఎనిమిది వారాల్లో పరిష్కారం దొరకకపోతే లీగల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి ఉచితంగా వెళ్లవచ్చు. అక్కడికి వచ్చే ఫిర్యాదుల్లో ఇళ్ల కొనుగోలు, అమ్మకాలవే ఎక్కువ. వాటిలో చాలావరకు ఆలస్యం గురించి, ఫోన్ ఎత్తకపోవడం గురించి.

సాలిసిటర్ని మధ్యలో మార్చుకోవచ్చా అంటే, ఒప్పందాలు మార్చుకోకముందు ఎప్పుడైనా మార్చుకోవచ్చు. అప్పటిదాకా చేసిన పనికి డబ్బు కట్టేదాకా పాతవాళ్లు ఫైలు తమ దగ్గరే అట్టిపెట్టుకోగలరు. కొత్తవాళ్లు కూడా బ్యాంకు ప్యానెల్‌లో ఉండాలి. మార్ట్‌గేజ్ ఆఫర్ పత్రాలను బ్యాంకు కొత్తవాళ్ల పేరున పంపాలి. గుర్తింపు పత్రాలు, డబ్బు మూలం చూపడం మళ్లీ మొదటినుంచి మొదలవుతాయి. ఆఫర్ గడువు మామూలుగా మూడు నుంచి ఆరు నెలలు కాబట్టి, నాలుగో నెలలో మార్చాలనుకునేవాళ్లు ముందుగా తమ ఆఫర్ ఎప్పటివరకు చెల్లుతుందో బ్రోకర్‌ను అడిగి తెలుసుకోవాలి. స్కాట్లండ్‌లో అయితే ఇంటికి ఆఫర్ పెట్టేదే సాలిసిటర్ ద్వారా, కాబట్టి అక్కడ ఇళ్లు చూడడం మొదలుపెట్టినప్పుడే ఆయన్ని కూడా వెతుక్కోవాలి.